ఒకసారి నొక్కితే అవును

మా అక్క నాతో ఏ విషయంలోనూ ఒక్కసారైనా సరేనన్న మనిషి కాదు. నేను కిటికీ తెరిస్తే దుమ్మనేది, మూస్తే ఉక్కపోత అనేది. నా బట్టలన్నీ తనే కుట్టేది. అందులో ఏదైనా సరిగ్గా పడకపోతే తప్పు కత్తెరది కాదు, నా భుజాలది. "దేవుడు నిన్ను కొలతలు తీసుకోకుండా కుట్టి పంపాడే, నేనేం చెయ్యను" అనేది, మెడలో టేపు వేసుకుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని. గుండుసూదులున్నా సరే ఆ నోరు ఆగేది కాదు.

ఇంట్లో మేమిద్దరమే. అక్క పెళ్ళి చేసుకుని రెండేళ్ళు తిరక్కుండానే కుట్టుమిషనుతో సహా వచ్చేసింది. నేను అసలు ఆ జోలికే పోలేదు. మేడ మీద రెండు గదులు, కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు. పగలంతా కింద సుత్తి చప్పుడు, పైన మిషను చప్పుడు, సాయంత్రం నేను వచ్చాక మా ఇద్దరి వాదన. అలా మా వయసులు గడిచిపోయాయి.

ఒక రోజు పొద్దున మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. కుడిపక్క పూర్తిగా పడిపోయింది. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, నోట్లో పోసినది మింగుతుంది. లోపల మనిషి ఎంత మిగిలిందని అడిగితే, "ఇప్పుడే చెప్పలేం" అన్నాడు పెద్ద డాక్టరు. నేను నా ఉద్యోగంలో రోజూ రాసే మాటే అది. అయినా ఆ క్షణంలో ఆయన చొక్కా పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను బిస్కెట్ల కంపెనీలో రుచి పరీక్షల విభాగం చూస్తాను. రుచి చూసేది నేను కాదు. చూసేవాళ్ళను నమ్మకుండా ఉండటం నా పని. మా గదిలో చిన్న చిన్న అరలుంటాయి, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా మధ్యలో చెక్క అడ్డాలుంటాయి. బిస్కెట్ రంగు తెలియకుండా ఎర్ర దీపం వేస్తాం. ప్లేట్ల మీద పేర్లుండవు, అంకెలే. ఆ అంకె వెనక ఏ బిస్కెట్ ఉందో ప్లేటు అందించే మనిషికి కూడా తెలియనివ్వం. తెలిస్తే, నోరు కట్టుకున్నా కనుబొమ్మ చెప్పేస్తుంది.

ఒకసారి తెల్లటి క్రీములో ఏ రుచీ లేని పసుపురంగు కలిపి పెట్టాను. చాలామంది నిమ్మకాయ రుచి వచ్చిందన్నారు. ఒకావిడ పులుపు కాస్త ఎక్కువైందని మూతి కూడా ముడిచింది. వాళ్ళు అబద్ధాలకోరులేం కాదు. నిజంగానే వాళ్ళ నాలుకకు పులుపు తగిలింది. మనిషి తనకు కావలసింది తనే వండుకుని, ఎవరో వడ్డించారనుకుని తింటాడు. ఆ అడ్డాలూ అంకెలూ అందుకే. కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి చెప్పి చెప్పి నాకు 'అనుమానాల మేడం' అని పేరొచ్చింది. నా ఎదురుగా అనరు, అంతే.

మా మేనేజరుకు నా పద్ధతి గిట్టదు. వెన్న తగ్గించి చేసిన బిస్కెట్‌కీ పాతదానికీ తేడా లేదని నా చేత అనిపించాలని ఆయన తాపత్రయం. తేడా ఉందని తేలినప్పుడల్లా ఏదో ఒక సాకు వెతుకుతాడు. ఆ రోజు వాళ్ళకు జలుబట, నీళ్ళు బాగాలేవట, గది మరీ చల్లగా ఉందట. ఒకసారి ఒళ్ళు మండి అడిగేశాను. "ఏ ఫలితం వస్తే మీ మాట తప్పని ఒప్పుకుంటారో ముందే చెప్పండి సార్. అలాంటిదేదీ లేదంటే ఇక పరీక్ష ఎందుకు, దండగ" అని. 

ఇంత తెలిసినదాన్ని, అక్క వేలి దగ్గర మాత్రం బోల్తా పడ్డాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం జావ తాగిస్తూ, అలవాటుగా ఎడమచెయ్యి పట్టుకుని "చాలా అక్కా?" అన్నాను. చూపుడువేలు నా అరచేతిలో చిన్నగా నొక్కింది.  మళ్ళీ అడిగాను. మళ్ళీ నొక్కింది. అప్పటికప్పుడు మా ఇద్దరికీ ఒక భాష పెట్టాను. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. ఆ సాయంత్రం ఎంత ఏడ్చానో, ఎంత నవ్వానో నాకే తెలీదు. పోయిందనుకున్న మనిషి తలుపు సందులోంచి వేలు బయటపెట్టి నేనిక్కడే ఉన్నానంటే ఎలా ఉంటుంది, అలా ఉంది నాకు.

ఆ తరవాత మా సాయంత్రాలు మళ్ళీ నిండాయి. పగలు చూసుకునే ఆవిడ వెళ్ళిపోగానే మంచం పక్కన కుర్చీ వేసుకుని, అక్క చేతిని నా చేతిలోకి తీసుకుని ఆఫీసు కబుర్లన్నీ చెప్పేదాన్ని. "మేనేజరుది తప్పా కాదా?" ఒక నొక్కు. "నేనలా అనడం మంచిదేనా?" ఒక నొక్కు. "ఈ కర్టెన్లు మార్చేద్దామా?" ఒక నొక్కు. వారంలో కొన్ని రోజులు వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒకసారి, "నా చేతిలో పెద్దమ్మగారు ఎప్పుడూ నొక్కలేదు మేడం" అంది. "నువ్వు పరాయిదానివి కదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి అక్క కాలు వంచి చాపే పనిలో పడింది. నేను ఆ మాట గురించి మళ్ళీ ఆలోచించలేదు.

అన్నయ్య ఫోన్లు మొదలయ్యాయి. అన్నయ్య అక్కకు తమ్ముడు, నాకు అన్న, వేరే ఊళ్ళో ఉంటాడు. వాళ్ళింటికి దగ్గర్లోనే ఇలాంటివాళ్ళకు రోజూ వైద్యం చేసే పెద్ద ఆసుపత్రి ఉంది. వాళ్ళది కింది వాటా, మెట్ల బాధ లేదు. వదిన పగలంతా ఇంట్లోనే ఉంటుంది. "అక్కని ఇక్కడికి తీసుకొచ్చేస్తాను చిట్టీ" అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడు నన్ను పిలిచే పేరది.

నేను అక్కనడిగాను. "అన్నయ్య దగ్గరికి వెళ్తావా?" రెండు నొక్కులు, గట్టిగా. ఆ మాటే ఫోన్లో చెప్పాను. "అక్క వద్దంటోందిరా. ఇక్కడే ఉంటానంటోంది."

"తను వద్దంటే ఇక నేను చేసేదేముంది" అన్నాడు. వాడి గొంతు చిన్నబోయింది. నాకు మాత్రం అన్నం సయించింది ఆ పూట.

తరవాత ఒక ఆదివారం పొద్దున వాడే వచ్చాడు. అక్కకీ వాడికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. వాడి కూతురి పెళ్ళికి అక్క రాత్రీ పగలూ కూర్చుని బట్టలు కుట్టి తీసుకెళ్తే, ఆ పిల్ల దుకాణంలో కొన్నవి వేసుకుంది. అక్క భోజనం కూడా చెయ్యకుండా తిరిగొచ్చేసింది. అప్పటినుంచీ అంతే. వాడు మంచం పట్టె మీద కూర్చుని చాలాసేపు గోళ్ళు గిల్లుకున్నాడు.

"నా మీద కోపం పోయిందేమో అడుగు చిట్టీ" అన్నాడు చివరికి.

నేను అక్క చెయ్యి పట్టుకుని అడిగాను. ఒక నొక్కు. పోయిందంటోందిరా అని చెప్పాను. అరవై దాటిన మనిషి, చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంటూ కుర్రాడిలా ఏడ్చాడు. తేరుకున్నాక, సరదా పుట్టిందేమో, తనే నేరుగా అడిగాడు. "అక్కా, ఆరో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టింది నాన్నేనా?"

నా అరచేతిలో ఒక నొక్కు. "అవునంటోంది" అన్నాను నవ్వుతూ.

వాడు నవ్వలేదు. "మర్చిపోయినట్టుంది పాపం" అన్నాడు. "మూడు సబ్జెక్టులు తప్పాను. నాన్న సంతకం అక్కే దొంగగా పెట్టింది. ఇద్దరం దేవుడి పటం ముందు ఒట్టేసుకున్నాం, నీక్కూడా చెప్పకూడదని. ఏడాదికోసారైనా గుర్తుచేసి నన్ను ఏడిపించేది."

వాడు వెళ్ళాక నేను సాకులు వెతికాను. అక్క అలిసిపోయి ఉంటుంది. ఒట్టు వేసింది కదా, నాకు తెలియకూడదని కావాలనే అబద్ధం చెప్పి ఉంటుంది. ఎప్పటిలా తమ్ముణ్ణి ఏడిపించి ఉంటుంది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఒక్కో సాకూ ఎంత బాగుందో చూసుకుంటున్నాను. అలా చూసుకుంటుంటే నాకు మా మేనేజరు గొంతు వినిపించింది. ఆ రోజు వాళ్ళకు జలుబు మేడం, నీళ్ళు బాగాలేవు మేడం.

చేతిలో గిన్నె సింకులో పెట్టేశాను. నెలల తరబడి అక్క ఆ వేలితో చెప్పిన సంగతులన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి నాకు తెలియనిది లేదు. ఒక్కటంటే ఒక్కటి నాకు ఇష్టం లేనిది లేదు. కర్టెన్లు నాకు నచ్చిన రంగువే. మేనేజరుది ఎప్పుడూ తప్పే. మా అక్క! కిటికీ తెరిస్తే దుమ్మనే మా అక్క! నెలల తరబడి నాతో ఒక్క దానికీ అడ్డు చెప్పలేదు, నాకది వింతగా కూడా అనిపించలేదు. బిస్కెట్ ముక్క అందించే మనిషిని నమ్మనిదాన్ని, ప్రశ్న అడిగేదీ నేనే, చెయ్యి పట్టుకునేదీ నేనే, జవాబు చదివేదీ నేనే అయి కూర్చున్నాను. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఇలాంటి పరీక్ష చేసుకొస్తే వాళ్ళ మొహం మీదే నవ్వేదాన్ని.

పరీక్ష ఎలా చెయ్యాలో తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. చెయ్యాలా వద్దా అన్నదానికే రోజులు పట్టింది. చెయ్యకపోతే నాకు పోయేదేమీ లేదు. సాయంత్రాలుంటాయి, అక్క ఉంటుంది. చేస్తే ఆ వేలితో చెప్తున్నది అక్కేనో కాదో తేలుతుంది. కాదని తేలితే ఈ ఇంట్లో నేను ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే ఉన్నట్టు. నాకు భయం వేసింది, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను. ఇంటికొచ్చాక అక్క చెయ్యి పట్టుకోవడం మానేశాను. ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆ వేలినే చూసేదాన్ని, అది తనంతట తనే ఏదైనా చెప్తుందేమోనని.

చివరికి ఫిజియో అమ్మాయిని అడిగాను. ఏ ఫలితం వస్తే నా మాట తప్పని ఒప్పుకుంటానో ముందే ఆ అమ్మాయికి చెప్పాను, తరవాత మాట మార్చకుండా. "అక్క ప్రశ్న విని నొక్కుతుంటే, ప్రశ్న నాకు వినపడినా వినపడకపోయినా జవాబులు సరిగ్గానే రావాలి. నాకు వినపడనప్పుడు తప్పులొచ్చాయంటే, అక్క చెప్పట్లేదన్నమాట."

"మరి ఎవరు చెప్తున్నట్టు మేడం?"

"అది తరవాత చూద్దాం."

అక్కకు తప్పకుండా తెలిసిన సంగతులే ప్రశ్నలుగా రాయమన్నాను. నువ్వు బట్టలు కుట్టేదానివా, నీకు తమ్ముడున్నాడా, నువ్వు లారీ నడిపేదానివా, మీ ఇల్లు కింది వాటాలో ఉందా, ఇలాంటివి. అవును అనాల్సినవీ కాదు అనాల్సినవీ సమానంగా ఉండాలి, చీటీలు కలిపేసి తియ్యాలి. కొన్ని నాకు వినపడేలా అడగాలి. కొన్నిటికి నేను చెవుల్లో పాట పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాను, తను అక్క చెవిలో చెప్పాలి. కొన్నిటికి చెయ్యి తనే పట్టుకోవాలి. అలిసిపోయిందన్న సాకు మిగలకుండా మధ్యమధ్య ఆపి, ఇంకో రోజు మళ్ళీ చెయ్యాలి. ఆ అమ్మాయి నా మొహం వంక చూసింది. "మీరు బాగానే ఉన్నారా మేడం?" అంది. బాగానే ఉన్నానన్నాను.

మొదట నాకు వినపడేలా అడిగింది. ఒక్క తప్పు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెవుల్లో పాట పెట్టుకుని గోడవైపు తిరిగాను. గోడకు అక్క ఎప్పుడో పెన్సిలుతో వేసుకున్న కొలతల గీతలున్నాయి. అరచేతిలో నొక్కు తెలుస్తూనే ఉంది, ఎప్పటిలాగే చిన్నగా, ఖచ్చితంగా. ఒకటి, అన్నాను. రెండు, అన్నాను. ఎంత నమ్మకంగా చెప్పానో. అక్క ఉంది, చెప్తోంది, నేను అనవసరంగా అనుమానించాను, ఇవాళ తనకు క్షమాపణ చెప్పుకోవాలి అనుకున్నాను.

పాట తీసేసి వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి చీటీలను రెండు కుప్పలుగా పెట్టి ఉంది. ఒప్పులూ తప్పులూ దాదాపు సమానం. బొమ్మా బొరుసా వేసి చెప్పినా అంతే వస్తుంది. లారీ నడిపేదానివా అంటే మా అక్క అవునంది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నప్పుడు వేలు అసలు కదల్లేదు.

ఇంకో రోజు మళ్ళీ చేశాం. మళ్ళీ అదే.

"ఒక మాట చెప్పనా మేడం?" అంది ఆ అమ్మాయి. "నేను వేలిని కాదు, మీ మణికట్టును చూశాను. మాకు కండరాలు చూడటం అలవాటు కదా. ప్రతిసారీ ముందు మీ నరం లేస్తోంది. మీ చెయ్యి చిన్నగా ముడుచుకుంటోంది. పెద్దమ్మగారి వేలు అప్పుడు మీ అరచేతికి తగులుతోంది."

నేను నా చేతిని చూసుకున్నాను. దాన్ని ఒక్క దెబ్బ వెయ్యాలనిపించింది.

"అంటే పెద్దమ్మగారికి ఏమీ తెలియట్లేదనా?" అంది మెల్లగా.

"కాదమ్మా. ఆ వేలు చెప్పట్లేదని తేలింది. అంతే తేలింది. లోపల ఉందో లేదో ఈ పరీక్ష చెప్పదు." ఆఫీసులో అయితే ఈ వాక్యం రాసి సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్ళేదాన్ని. "వింటూ ఉండొచ్చు. నేను తన పేరు చెప్పి నాక్కావలసినవన్నీ అంటుంటే, కాదే పిచ్చిదానా అని అరుస్తూ కూడా ఉండొచ్చు."

ఆ మాట అన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆ అమ్మాయి సంచీ సర్దుకుని తలుపు దగ్గర నిలబడింది. "నేనెవరికీ చెప్పను మేడం. మీరు పట్టుకుని మాట్లాడితే తప్పేముంది?" మంచి పిల్ల. నా మీద జాలితోనే అంది. పట్టుకుని మాట్లాడితే తప్పు లేదు. కానీ ఆ వేలి పేరు చెప్పి నేను ఒక మనిషిని వైద్యానికి వెళ్ళకుండా ఆపాను.

అన్నయ్యకు ఫోన్ చేశాను.

"అక్కని తీసుకెళ్ళు" అన్నాను.

"అదేంటి? వద్దంది కదా?"

"అక్క అనలేదురా. నేనన్నాను. నాకు తెలీకుండా నా చెయ్యే అంది." పరీక్ష సంగతంతా చెప్పాను. వాడు అడ్డం పడకుండా విన్నాడు.

"నా మీద కోపం పోయిందంది కదా, చిట్టీ. అది?"

నేనెందుకు ఫోన్ చేశానా అనిపించింది. అదొక్కటి నిజమేరా అంటే సరిపోయేది. వాడు నమ్మేవాడు. నాక్కూడా నమ్మాలనే ఉంది.

"అదీ నేనే" అన్నాను.

 నేను ఫోను పట్టుకునే ఉన్నాను. పెట్టేస్తాడనుకున్నాను.

"ఇంతకీ నీకేం కావాలి?" అన్నాడు.

నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నన్ను నేనూ ఎప్పుడూ అడగలేదు. అడిగే ధైర్యం లేకే కాబోలు అక్క వేలిని అడ్డం పెట్టుకున్నాను. "అక్క నాతోనే ఉండాలి" అన్నాను. "తను వెళ్ళిపోతే నాకెవరూ లేరు. అయినా తీసుకెళ్ళు. తనకక్కడ వైద్యం జరుగుతుంది."

"నువ్వు కూడా వచ్చెయ్."

"ఉద్యోగం ఉంది కదరా. సెలవులకి వస్తాను."

వాడు సరే అన్నాడు. శనివారం బండి మాట్లాడతానన్నాడు.

శనివారం పొద్దున బండి తొందరగానే వచ్చింది. అన్నయ్య, ఆసుపత్రి మనుషులు కింద మెట్ల వెడల్పు కొలుస్తున్నారు. కింద కొట్టువాడు సైకిళ్ళన్నీ పక్కకు జరుపుతున్నాడు. నేను అక్క జుట్టు దువ్వి, తను కుట్టుకున్నదే మెత్తటి గౌను తొడిగాను. మందులు ఒక సంచిలో, బట్టలు ఒక సంచిలో సర్దాను. ఇక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

మంచం పక్కన కూర్చున్నాను. ఈసారి అక్క చేతిని పట్టుకోలేదు. నా చేతిని పరుపు మీద వెల్లకిలా పరిచి, వేళ్ళు బారుగా చాపి, అక్క చేతిని దాని మీద ఊరికే పెట్టాను. నా మణికట్టు కదిలితే నాకు కనపడేలా.

"నా మీద కోపంగా ఉందా అక్కా?" అన్నాను.

అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీ వైపో, నా వైపో తెలీదు. వేలు నా అరచేతి మీద వెచ్చగా, బరువుగా ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరికొచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను. ఏమీ రాలేదు. నేనూ ఏమీ కలపలేదు.